పాలరాతి గదిలో పదకొండుమంది

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఒక్క సంసారానికి ఇల్లు కట్టడమే అంత గండమైతే, ఊరంతటికీ కలిపి ఒక ఇల్లు కట్టడం మాటేమిటి? ఆ ఇంటి హాల్లో ఎవరి పటం తగిలించాలి? మన ఇళ్ళల్లో అయితే మామగారి పటమా, నాన్నగారి పటమా అన్న తగూ రెండు రోజుల్లో తేలిపోతుంది. ఎవరివైపు తేలుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఊరి విషయంలో మాత్రం ఆ తగూ వందేళ్ళు నానుతూ వుండి, ఒకనాడు హఠాత్తుగా పైకి లేస్తుంది. వేల్స్ దేశంలో, కార్డిఫ్ నగరంలో అలాగే జరిగింది. ఆ ఊరి సిటీ హాలు కథ చెబుతాను.

ఇంగ్లండుకి పడమటి పక్కన ఆనుకుని వుండే కొండల సీమ వేల్స్. చిన్నప్పుడు చరిత్ర పాఠంలో 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' అన్న మాట దగ్గరే మనం ఆగిపోయాం. నిజానికి వాళ్ళకి వేరే భాష వుంది. ఇంగ్లీషుకీ దానికీ పోలికే లేదు. కార్డిఫ్ ఆ సీమకి ముఖ్యపట్టణం. ఆ హోదా వచ్చింది మొన్న మొన్న, 1955లో. 1801 జనాభా లెక్కల్లో ఆ ఊళ్ళో నిండా రెండువేలమంది లేరు. 1901 నాటికి 1,64,000 మంది అయ్యారు. ఇంతమంది ఎక్కణ్ణించి ఊడిపడ్డారంటే ఒక్కటే జవాబు, బొగ్గు.

ఊరికి ఉత్తరాన లోయలనిండా బొగ్గు గనులు. ఆ బొగ్గు రైళ్ళమీద కార్డిఫ్ రేవుకి దిగి, అక్కణ్ణించి ఓడలెక్కి ప్రపంచమంతా పోయేది. ఆవిరి ఓడలకి ఆ బొగ్గంటే మహా మోజు. 1913లో ఒక్క కార్డిఫ్ రేవునించే కోటి టన్నులకి పైగా ఎగుమతి అయింది. అదే 1913 అక్టోబరు 14న, ఊరికి కొద్ది మైళ్ళ దూరంలో వున్న సెంగెనిత్ గనిలో పేలుడు జరిగి 439 మంది గనికార్మికులు చనిపోయారు. బ్రిటన్ గనుల చరిత్రలో అంతకు మించిన ప్రమాదం లేదు. ఇప్పుడు నేను వర్ణించబోయే తెల్లటి రాయీ, పాలరాతి స్తంభాలూ, బంగారు రేకులూ చదువుతున్నంతసేపూ ఈ సంగతి ఓ మూల గుర్తుంచుకోండి.

కొత్తగా డబ్బొచ్చిన ఊరు. సెయింట్ మేరీ వీధిలో వున్న పాత టౌన్ హాలు చాలడం మానేసింది. పెద్దది కావాలి, పెద్దదంటే నలుగురూ నోళ్ళు వెళ్ళబెట్టి చూసేంత పెద్దది. స్థలం ఏదీ? ఊరి నడిబొడ్డున, కోట పక్కనే కథేస్ పార్క్ అని విశాలమైన తోట వుంది. అది బ్యూట్ ప్రభువుది. కార్డిఫ్‌లో రేవు కట్టించింది ఆ వంశమే, కోటా వాళ్ళదే, సగం ఊరు వాళ్ళదే. బతిమాలగా బతిమాలగా మూడవ బ్యూట్ ప్రభువు 1898లో ఆ 59 ఎకరాలూ 1,61,000 పౌన్లకి అమ్మాడు. అమ్ముతూ షరతులు పెట్టాడు. అక్కడ ప్రజలకి పనికొచ్చే భవనాలూ, చదువుకీ కళలకీ సంబంధించినవే కట్టాలి. చెట్ల వరసలు కొట్టెయ్యకూడదు. ఆ షరతుల పుణ్యమాని ఇవాళ అక్కడ సిటీ హాలూ, న్యాయస్థానాలూ, జాతీయ మ్యూజియమూ, విశ్వవిద్యాలయమూ అన్నీ పచ్చని చెట్ల మధ్య తెల్లగా వరసదీరి వున్నాయి. మన ఊళ్ళల్లో తోటలు అమ్మినవాళ్ళల్లో ఒక్కరైనా ఇలాంటి షరతు పెట్టి వుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు. సిటీ హాలు కట్టడానికైన ఖర్చు సుమారు 1,30,000 పౌన్లు. అంటే నేల ఖరీదు కన్నా ఇంటి ఖరీదే తక్కువ! ఈ లెక్క మన హైదరాబాదు వాళ్ళకి వింతగా తోచదు.

నమూనా కోసం 1897లోనే పోటీ పెట్టారు. గెలిచింది లండన్ నించి వచ్చిన కుర్ర జట్టు, లాంచెస్టర్, స్టూవర్ట్, రికర్డ్స్. హెన్రీ వాన్ లాంచెస్టర్‌కి అప్పటికి 34 ఏళ్ళు, ఎడ్విన్ రికర్డ్స్‌కి పట్టుమని పాతిక. గదులెక్కడ వుండాలి, వెలుతురెటు రావాలి, జనం ఎటు నడవాలి అన్న లెక్కలన్నీ లాంచెస్టర్‌వి. బొమ్మలూ, తీగలూ, వంపులూ రికర్డ్స్‌వి. పెన్సిలు పట్టుకుంటే ఆయన చేతికి ఆగడం తెలిసేది కాదట. ఆర్నాల్డ్ బెనెట్ అనే నవలాకారుడు ఆయనకి ప్రాణస్నేహితుడు. 1918లో ఆయన రాసిన 'ది రోల్ కాల్' అనే నవలలో ఒక కుర్ర ఆర్కిటెక్టు పెద్ద పోటీలో గెలిచి పేరు తెచ్చుకుంటాడు. ఆ కుర్రాడికి మూలం రికర్డ్సే. మా నవలాకారులతో స్నేహం చేస్తే ఇదే వచ్చిన చిక్కు, ఏదో ఒకనాడు పుస్తకంలోకి ఎక్కించేస్తాం.

ఇక ఇంటి సంగతి. 'ఎడ్వర్డియన్ బరోక్' శైలి అంటారు దీన్ని. ఆ పేరు చూసి హడలిపోకండి. రాజు ఏడవ ఎడ్వర్డు కాలం కాబట్టి మొదటి మాట. రెండోది, రాతిని రాతిలా వదిలెయ్యకుండా పూలదండలూ, మెలికలూ, మనిషి బొమ్మలూ చెక్కి, పెళ్ళికూతురికి నగలు పెట్టినట్టు పెట్టడం. ప్యారిస్‌లోనూ వియన్నాలోనూ వున్న రాజభవనాల పోకడలు రికర్డ్స్ చేతిలో వేల్స్‌కి వచ్చాయి. బయటంతా పోర్ట్‌లాండ్ రాయి. ఇంగ్లండు దక్షిణ తీరంలో దొరికే తెల్లటి సున్నపురాయి అది. లండన్‌లో సెయింట్ పాల్ చర్చి కట్టింది కూడా ఆ రాతితోనే. మధ్యలో ముందుకి పొడుచుకొచ్చిన ముఖద్వారం, దానిపైన కౌన్సిలు గది, ఆ గదిపైన గుమ్మటం. గుమ్మటం కొసన రెక్కలు విప్పి, కోర చూపించుకుంటూ ఒక డ్రాగన్. అది వేల్స్ చిహ్నం. ఎచ్. సి. ఫెర్ అనే శిల్పి చేశాడు.

గుమ్మటం మధ్యన వుంటే, గడియారపు బురుజు మాత్రం మధ్యన వుండదు. పడమటి పక్కకి జరిగి నిలబడి వుంటుంది, 194 అడుగుల ఎత్తున. నాకు ఆ భవనంలో అన్నిటికంటే నచ్చింది అదే. అన్నీ కొలిచినట్టు అటూ ఇటూ సమానంగా పెట్టే ఆ రోజుల్లో ఇంత బురుజుని ఓ పక్కకి నెట్టేసే ధైర్యం కుర్రవాళ్ళకే వుంటుంది. పైగా అందంగా వుంది. మొహం మధ్యన కాక, కాస్త పక్కగా పెట్టిన ముక్కుపుడక ఎంత అందంగా వుంటుందో అంత అందంగా.

లోపల సభామందిరంలో గోడల పైభాగాన సున్నపు పనితనంలో జలకన్యలూ, సముద్రపు జంతువులూ బంగారు రేకుతో మెరుస్తూ వుంటాయి. రేవు పట్టణం కదా, లక్ష్మి వచ్చింది సముద్రం మీంచే. అక్కడ వేలాడే మూడు పెద్ద కంచు దీపాలు కూడా ఆ ఆర్కిటెక్టులే గీసి ఇచ్చారు. ఇంటికి కట్టిన మేస్త్రీయే దీపాలూ తలుపు గడియలూ కూడా ఎంచి పెట్టాడంటే, ఆ ఇల్లు చెప్పిన మాట వింటుంది. కౌన్సిలు గదిలో గుమ్మటాన్ని నాలుగు లావుపాటి ఇటలీ పాలరాతి స్తంభాలు మోస్తాయి. సభ్యుల ఆసనాల చుట్టూ ఓక్ చెక్క. ఇంత చేసి టౌన్ హాలు కట్టుకుంటూ వుండగా, ఇల్లు పూర్తికాకముందే 1905 అక్టోబరులో రాజుగారు కార్డిఫ్‌ని నగరం చేశారు. అందుకని టౌన్ హాలుగా మొదలుపెట్టిన ఇంట్లో 1906 అక్టోబరులో సిటీ హాలుగా గృహప్రవేశం చేశారు.

భాగస్తుల్లో స్టూవర్ట్ ఆ గృహప్రవేశం చూడలేదు, 1904లోనే పోయాడు. రికర్డ్స్ 1920లో పోయాడు, నిండా యాభై ఏళ్ళు లేవు. లాంచెస్టర్ మాత్రం నిండు నూరేళ్ళకి పదేళ్ళు తక్కువగా బతికాడు. అన్నట్టు, కార్లు చేసిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఈయన తమ్ముడే. ఈ కార్డిఫ్ ఇంటికీ మనకీ ఒక చుట్టరికం వుంది, అది ఈయనవల్లే. 1915-16లో ఆయన మద్రాసు వచ్చి, పట్టణాల ప్రణాళికల మీద పనిచేసి, 'టౌన్ ప్లానింగ్ ఇన్ మద్రాస్' అని 1918లో పుస్తకం వేశాడు. అప్పుడు మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా ఆ మద్రాసు రాజధాని కిందే కదా వున్నాయి. తరవాత జోధ్‌పూర్ మహారాజా ఉమేద్ సింగ్ తనకి భవనం కట్టమన్నాడు. కరువుకాలంలో జనానికి పని దొరకాలన్నది అందులో ఒక ఉద్దేశం. 1929లో మొదలైన పని 1943 దాకా సాగింది. సినిమాల్లోనూ పెళ్ళిళ్ళ ఫోటోల్లోనూ మీరు చూసే ఉమేద్ భవన్ అదే. కార్డిఫ్ గుమ్మటం బొమ్మా, జోధ్‌పూర్ గుమ్మటం బొమ్మా పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి నగలన్నీ పెట్టుకున్న కొత్త పెళ్ళికూతురు. రెండోది అన్నీ బీరువాలో పెట్టేసి ఒంటిపేట గొలుసుతో తిరిగే పెద్దావిడ. నగలు పెట్టే రికర్డ్స్ అప్పటికి లేడు మరి.

ఇక అసలు గదిలోకి వద్దాం. మెట్లెక్కి మొదటి అంతస్తుకి వెడితే పాలరాతి గది, వాళ్ళ మాటలో మార్బుల్ హాల్. ఇటలీలోని సియెనా నించి తెచ్చిన పసుపుపచ్చ పాలరాతి స్తంభాలు జంటలు జంటలుగా నిలబడి వుంటాయి. వాటికి కంచు తొడుగులు. 2018 వేసవిలో, అక్కడి ఆసుపత్రిలో పనిచేసే మా తోడికోడలి కూతురు నన్ను తీసుకువెళ్ళింది. స్తంభాల మధ్య పదకొండు పాలరాతి విగ్రహాలు. పదకొండూ ఒక్కసారి 1916 అక్టోబరు 27న ఆవిష్కరించారు. తెర తీసింది లాయిడ్ జార్జి. వేల్స్ బిడ్డ, అప్పుడు యుద్ధమంత్రి, రెండు నెలలు తిరక్కుండా ప్రధానమంత్రి అయ్యాడు. ఎవరెవరి బొమ్మలు పెట్టాలో తేల్చడానికి 'వెస్టర్న్ మెయిల్' పత్రిక పాఠకుల మధ్య పోటీ నడిచింది. తరవాత పండితులు కూచుని పేర్లు ఖాయం చేశారు.

పదకొండుమందీ గొప్పవాళ్ళే. వేల్స్‌కి కులదైవంలాంటి సెయింట్ డేవిడ్ వున్నాడు. ఇంగ్లీషు రాజుతో పోరాడి చచ్చిపోయిన లెవెలిన్, 1400లో తిరుగుబాటు లేవదీసిన ఓవైన్ గ్లిందూర్, ఇంగ్లండు సింహాసనమే ఎక్కి కూచున్న ఏడవ హెన్రీ వున్నారు. ప్రేమ కవిత్వం చెప్పిన దావిద్ అప్ గ్విలిమ్, యాత్రలు రాసిన జెరాల్డ్, కీర్తనలు కట్టిన విలియమ్స్, 1588లో బైబిలు మొత్తం వేల్స్ భాషలోకి తెచ్చి ఆ భాష ప్రాణం నిలబెట్టిన బిషప్ మోర్గన్ వున్నారు. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది హవెల్ రాజు ముందు. పదో శతాబ్దపు రాజు, ధర్మశాస్త్రం ఆయన పేరుమీదే చెలామణీ అయింది. ఆ శాస్త్రం ప్రకారం, కాపరం ఏడేళ్ళు సాగాక ఆలుమగలు విడిపోతే ఆస్తి చెరిసగం. ఏడేళ్ళు! వెయ్యేళ్ళ కిందట! మనకి ఆస్తిహక్కు ఎప్పుడొచ్చిందో లెక్క వేసుకుని నిట్టూర్చండి.

ఇంతమందిలో ఆడది ఒక్కతే. ఆవిడ పేరు వాళ్ళ భాషలో బుడుగ్ అని రాస్తారు. ముళ్ళపూడివారి బుడుగు కాదు. పలికేది కూడా అలా కాదు, 'బిదిగ్' అన్నట్టుగా వుంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో చదివిన బోడిషియా రాణి ఈవిడే. తమాషా ఏమిటంటే ఆవిడ వేల్స్ మనిషి కాదు, ఇంగ్లండులో తూర్పుదిక్కున ఐసీనీ తెగకి రాణి. అయితే ఆ కాలంలో ఆ నేలంతా మాట్లాడింది వేల్స్ భాషకి తల్లిభాష కనక మా ఆవిడే అన్నారు వీళ్ళు. అన్నారంటే అన్నారు గాని, పదిమంది మగవాళ్ళని సొంతూళ్ళో ఏరుకుని ఒక్క ఆడదాని కోసం పొరుగూరికి వెళ్ళాల్సి వచ్చిందేమిటీ అని నాకు అక్కడే అనిపించింది.

ఆవిడ కథ చిన్నది, భరించలేనిది. మొగుడు పోయాక రోమన్లు రాజ్యం లాక్కున్నారు. రాణిని కొరడాలతో కొట్టారు. ఆవిడ ఇద్దరు కూతుళ్ళని చెరిచారు. క్రీ.శ. 60 ప్రాంతంలో ఆవిడ తెగలన్నిటినీ కూడగట్టి రోమన్ల పట్టణాలు తగలబెట్టింది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఆవిడ బొమ్మ ఒకటి వుంది, రథమెక్కి, ఈటె పట్టుకుని, గుర్రాలు పైకి లేస్తూ. పాలరాతి గదిలో హావర్డ్ థామస్ అనే శిల్పి చెక్కిన బొమ్మ అలా వుండదు. రథం లేదు, గుర్రాలు లేవు. ఇద్దరు కూతుళ్ళనీ దగ్గరికి తీసుకుని నిలబడ్డ తల్లి, అంతే. రాణీ అని చెప్పకపోతే, ఏ పోలీసు స్టేషను ముందో, ఏ కోర్టు వరండాలోనో నిలబడ్డ మనవైపు తల్లి అనుకుంటాం.

అదే గదిలో, అదే రోజున ఆవిష్కరించిన మరో బొమ్మ సర్ థామస్ పిక్టన్‌ది. పడమటి వేల్స్‌లో పుట్టిన సైనికాధికారి. 1815లో వాటర్లూ యుద్ధంలో చనిపోయినవాళ్ళలో వెల్లింగ్టన్ సైన్యానికి సంబంధించి అందరికంటే పెద్ద హోదా ఆయనదే. ఆయన సమాధి సెయింట్ పాల్ చర్చిలో వుంది. వీరుడే, కాదనను. కాని దానికి ముందు, 1797 నించి 1803 దాకా ఆయన వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవికి గవర్నరు. బానిసల మీద క్రూరంగా పాలన చేశాడని అప్పుడే పేరుపడ్డాడు. 1801లో లూయిసా కాల్డెరాన్ అనే పిల్లమీద దొంగతనం ఆరోపణ వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల. బానిస కాదు, స్వేచ్ఛగా బతికే కుటుంబమే గాని రంగు తక్కువ. ఆ పిల్ల నిజం చెప్పడం లేదంటే, హింసపెట్టి చెప్పించమని గవర్నరుగారు ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాడు. మణికట్టుకి తాడు కట్టి పైకప్పునించి వేలాడదీశారు. శరీరం బరువంతా ఒక్క పాదం కింద, మొన తేలిన చిన్న కొయ్యమేకు మీద ఆనేలా. ఆ తరవాత నెలల తరబడి జైల్లో పెట్టారు.

ఇదంతా చాటుమాటు సంగతేం కాదు. 1806లో లండన్‌లో పిక్టన్ మీద కేసు నడిచింది. లూయిసా సముద్రం దాటి వెళ్ళి, కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పింది. ఆ పిల్లని వేలాడదీసిన బొమ్మలు అచ్చువేసి బజార్లో అమ్మారు. జూరీ పిక్టన్‌ది తప్పే అంది. ఆయన మళ్ళీ విచారణ కోరాడు. ఆ దీవిలో అప్పటికింకా పాత స్పెయిన్ చట్టం అమల్లో వుంది, ఆ చట్టం హింసని ఒప్పుకుంటుంది అన్న వాదన నిలిచింది. 1808లో జరిగిన రెండో విచారణ తరవాత శిక్షా పడలేదు, నిర్దోషి అనీ తేల్చలేదు, కేసు అలా అలా సాగి చల్లారిపోయింది. ఇన్ని కాగితాలు వుండగానే, నూరేళ్ళ తరవాత కార్డిఫ్ పెద్దలు ఆయన్ని పదకొండుమందిలో కూచోబెట్టారు. కూతుళ్ళకి జరిగిన అన్యాయానికి తిరగబడ్డ తల్లీ, ఒక తల్లి కన్న పిల్లని కొయ్యమేకు మీద నిలబెట్టిన గవర్నరూ ఒకే కప్పు కింద నూటనాలుగేళ్ళు వున్నారు. వాళ్ళ కింద పెళ్ళి విందులు జరిగాయి, బహుమతి ప్రదానాలు జరిగాయి.

నేను చూసినప్పటికి ఆ బొమ్మ ఇంకా బయటే వుంది. 2020లో అమెరికాలో జార్జి ఫ్లాయిడ్‌ని పోలీసులు చంపిన తరవాత లోకమంతా విగ్రహాలవంక మళ్ళీ చూడ్డం మొదలుపెట్టింది కదా. కార్డిఫ్‌కి మొట్టమొదటి నల్లజాతి లార్డ్ మేయరు డాన్ డియాత్ ఆ జూన్ నెలలో, పిక్టన్ బొమ్మ తీసెయ్యాలని కౌన్సిలు నాయకుడికి ఉత్తరం రాశాడు. జూలై 23న కౌన్సిలు ఓటింగు పెడితే 57 మంది సరే అన్నారు, అయిదుగురు కాదన్నారు, తొమ్మిదిమంది ఎటూ చెప్పలేదు. ఇల్లు పాతది, చట్టం కాపాడే మొదటి తరగతి కట్టడం. మేకు పీకాలన్నా అనుమతులు కావాలి. అందుకని ముందు ఆ బొమ్మ చుట్టూ చెక్కలు కొట్టి పెట్టెలా మూసేశారు.

చరిత్రని పెట్టెలో పెట్టి మూస్తారా అని గోల చేసినవాళ్ళు వున్నారు. నా మటుకు నాకు, హాల్లో తగిలించిన పటం తీసి అటకెక్కిస్తే చరిత్ర పోతుందన్న భయం లేదు. అటకమీదవే కదా మనం తీరిక దొరికినప్పుడు దించి, దుమ్ము దులిపి, అసలు సంగతి తెలుసుకునేది. హాల్లో పటానికి దండ వేస్తాం తప్ప దానివంక చూస్తామా? అయితే ఒట్టిగా పెట్టెలో పెట్టి ఊరుకుంటే చాలదని మాత్రం ఒప్పుకుంటాను. పక్కనే వున్న జాతీయ మ్యూజియంలో ఆయన తైలవర్ణ చిత్రం వుండేది. వాళ్ళు దాన్ని గోడమీంచి దించి, 2022లో ట్రినిడాడ్ మూలాలున్న కళాకారులని పిలిచి, లూయిసా సంగతీ ఆ దీవి సంగతీ వాళ్ళ చేతనే చెప్పించి, ఒక ప్రదర్శన పెట్టారు. ఆ పని నాకు నచ్చింది.

పాలరాతి బొమ్మలకి డబ్బిచ్చిందెవరో చెప్పనేలేదు. డి. ఎ. థామస్, అంటే రోండా ప్రభువు. గనుల యజమాని. 1910లో ఆయన కంపెనీ గనుల్లోనే పన్నెండువేలమంది కార్మికుల గొడవ మొదలై, టోనీపాండీ అనే ఊళ్ళో అల్లర్లు జరిగి, దాదాపు ఏడాది పాటు లోయలన్నీ పస్తున్నాయి. ఆయన దిగిరాలేదు. చివరికి కార్మికులే దిగొచ్చారు. ఆ లోయల్లో ఆడవాళ్ళ బతుకు ఇంకో గని. గనిదగ్గర స్నానాలగదులు వుండేవి కావు. మొగుడూ, కొడుకులూ నల్లగా ఇంటికొస్తే, రోజుకి మూడు షిఫ్టులకీ మూడుసార్లు కాగులకొద్దీ నీళ్ళు కాచి మొయ్యాలి. కడుపుతో వున్నవాళ్ళయినా సరే. ఎందరికి అలా కడుపులు పోయాయో, ఎందరు పసిపిల్లలు ఆ మరిగే నీళ్ళలో పడ్డారో. 1919లో ఎలిజబెత్ ఆండ్రూస్ అనే గనికార్మికుడి భార్య లండన్ వెళ్ళి, మరో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి, ప్రభుత్వం వేసిన సాంకీ కమిషన్ ముందు ఈ నీళ్ళ సంగతి చెప్పింది. పాలరాతి గదిలో ఆవిడకి బొమ్మ లేదు.

ఇక థామస్‌గారి కూతురు మార్గరెట్. ఒక్కతే కూతురు, తండ్రి వ్యాపారాలకి కుడిభుజం. 1913లో, ఆడవాళ్ళకి ఓటు ఇవ్వండని న్యూపోర్ట్‌లో తపాలా పెట్టెకి నిప్పు పెట్టింది. జైల్లో వేస్తే అన్నం మానేసింది. అయిదు రోజులకి వదిలిపెట్టారు. 1915లో జర్మనీవాళ్ళు లూసిటానియా ఓడని ముంచినప్పుడు తండ్రీ కూతుళ్ళిద్దరూ అందులో వున్నారు, ఇద్దరూ బతికి బయటపడ్డారు. ఆ మరుసటి ఏడాదే పాలరాతి గది వేడుక. 1918లో తండ్రి పోయాక బిరుదు కూతురికొచ్చింది. బిరుదు నాదైతే ప్రభువుల సభలో కుర్చీ కూడా నాదేగా అని 1922లో అడిగింది. ముందు సరే అన్నట్టే అని, తరవాత కుదరదన్నారు. ఆవిడ 'టైమ్ అండ్ టైడ్' అని వారపత్రిక పెట్టి నడుపుతూ కూచుంది. ఆ సభలోకి ఆడవాళ్ళని రానిచ్చింది 1958లో. ఆ జూలైలోనే ఆవిడ పోయింది.

తండ్రి ఇచ్చిన గదిలో ఒక్క ఆడబొమ్మ వుంటే, వేల్స్ మొత్తం మీద ఆరుబయట, కల్పన కాకుండా నిజంగా బతికిన ఫలానా ఆడమనిషిది అని పేరుపెట్టి నిలబెట్టిన విగ్రహం 2021 దాకా ఒక్కటీ లేదు. ఆ ఏడాది సెప్టెంబరు 29న కార్డిఫ్ సెంట్రల్ స్క్వేర్‌లో బెటీ కాంబెల్ విగ్రహం పెట్టారు. రేవు పక్క బ్యూట్‌టౌన్‌లో పుట్టిన నల్లపిల్ల. టీచరునవుతానంటే నీలాంటిదానికి అది సాగదని బళ్ళో అన్నారట. ఆవిడ వేల్స్‌లో మొట్టమొదటి నల్లజాతి హెడ్మిస్ట్రెస్ అయింది, తరవాత ఊరి కౌన్సిలు సభ్యురాలు కూడా అయింది. అలా అయిదుగురు ఆడవాళ్ళకి వాళ్ళ వాళ్ళ ఊళ్ళల్లో విగ్రహాలు పెట్టాలని కొందరు ఆడవాళ్ళు పూనుకున్నారు. ఎలిజబెత్ ఆండ్రూస్ పేరు కూడా ఆ అయిదింట్లో వుంది. మార్గరెట్ విగ్రహం 2024 సెప్టెంబరులో న్యూపోర్ట్‌లో లేచింది, పాలరాయి కాదు, కంచు. ఆవిడ నిప్పు పెట్టిన తపాలా పెట్టెని ఆ ఊరివాళ్ళు తీసెయ్యలేదు. రిస్కా రోడ్డు మీద దానికి ఒక పలక తగిలించి వుంచారు.